కఠినజలము - గృహసాధనములు

బావినీటిని గూర్చి మన పల్లెలలో మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు, చప్పనీళ్ళు అను మూడు మాటలు వాడుకలో నున్నవి. ఇవి నాలుక పరీక్షించి పెట్టిన పేర్లు. కాని నాలుకకు తెలియని గుణ మొకటి నీటికి కలదు. అది గృహిణికి వంటింటను, చాకిరేవునను తెలియును. ఆ నీటిలో పప్పు ఎంతసేపటికిని ఉడకదు. సబ్బు నురుగు రాక తెల్లని తెట్టుగా విరిగిపోవును. నీరు కాచిన గిన్నె అడుగున సున్నము పట్టును. గీజరులోని తీగె పెచ్చు కట్టి, వేడి నీటి కందక కొన్నాళ్ళకు మాడిపోవును. ఇట్టి నీటికి రసాయనశాస్త్రజ్ఞులు కఠినజలమని పేరు పెట్టిరి.

వాననీరు పుట్టుకచే మృదువైనది. నేలలోనికి దిగునపుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, ఆ బలముచే రాతిని కొంత కరగించుకొనును. పిడుగురాళ్ళ బట్టీలలో కాల్చి సున్నము చేయునది ఏ రాయియో, పలనాటి బావులలో కంటికి కనబడక కరగియున్నదియు ఆ రాయియే. కడప, కర్నూలు ప్రాంతములలోను సున్నపురాతి నేలలు విస్తారముగా నున్నవి. హైదరాబాదు నగరము గ్రానైటు రాతి నేలమీద నున్నను, అచ్చటి లోతైన బోరుబావులు పెక్కింటిలో నీరు కఠినముగనే యున్నది. నల్లా నీరు చాలని యిండ్లవారు బోరు నీటిమీదను, ట్యాంకరు నీటిమీదను ఆధారపడవలసి వచ్చుటచే, నీటిని మృదువు చేయు సాఫ్ట్‌నరు యంత్రములు నేడు సామాన్య గృహములకును వచ్చినవి. వీనిలో దేనిని కొనవలెను, దానిని ఎట్లు కాపాడుకొనవలెను అనునది నేటి ప్రసంగ విషయము.

యంత్రమును గూర్చి యోచించుటకు ముందు నీటిని గూర్చి తెలిసికొనవలెను. కాఠిన్యమును లీటరు నీటికి ఇన్ని మిల్లీగ్రాములని, సున్నపురాతి లెక్కలో కొలుతురు. 60 మిల్లీగ్రాములకు లోపలనున్న నీరు మృదువైనది. 180 దాటినది మిక్కిలి కఠినము. త్రాగునీటికై భారత ప్రమాణముల సంస్థ విధించిన హద్దు 200. వేరొక ఆధారము లేనిచోట 600 వరకు అంగీకరింపవచ్చునని ఆ ప్రమాణమే చెప్పుచున్నది. నీటిని కఠినము చేయు కాల్షియము, మెగ్నీషియము మన దేహమునకు వలసిన పదార్థములే. కావున సాఫ్ట్‌నరు సబ్బు కొరకును, బట్టల కొరకును, గీజరు కొరకును పనికివచ్చు సాధనమే గాని, ఆరోగ్యము కొరకైన మందు కాదు.

ఇచ్చట రెండు భ్రమలను తొలగించుకొనుట మంచిది. మొదటిది, సాఫ్ట్‌నరు నీటిని శుద్ధిచేయునను భ్రమ. అది క్రిములను చంపదు. నల్లగొండ ప్రాంతమున ఎముకలను వంచిన ఫ్లోరైడును తీయదు. ఫ్లోరైడును తీయుటకు పటికయు సున్నమును వాడు నల్లగొండ పద్ధతి వేరు, నీటిని మృదువు చేయు పద్ధతి వేరు. రెండవది, అమ్మకమునకు వచ్చినవారు నీట ముంచి చూపు టీ.డీ.ఎస్. మీటరు కాఠిన్యమును చెప్పునను భ్రమ. ఆ కలమువంటి పరికరము నీటిలో కరగిన లవణముల మొత్తమును సూచించునే కాని, వానిలో కాల్షియ మెంత, సోడియ మెంత యని విడదీసి చెప్పజాలదు. సాఫ్ట్‌నరు ఎంత చక్కగా పనిచేసినను ఆ అంకె తగ్గదు. ఒక్కొక్కసారి కొంచెము పెరుగును గూడ. కాఠిన్యమును కొలుచుటకు చుక్కలమందుతో రంగు మార్చి చూచు చిన్న పెట్టెలు దొరకుచున్నవి. నీటి పరీక్షాశాలలకు సీసాడు నీరు పంపియు తెలిసికొనవచ్చును. ఆ అంకె చేతికి రాకమునుపు యంత్రమునకు బేరమాడుట, కొలత తీయక చొక్కా కుట్టించుటవంటిది.

యంత్రములు రాకముందు మనవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. కాఠిన్యము రెండు విధములు. నీటిని కాచినంతనే పెచ్చుగా విడిపోవునది తాత్కాలికము. కాచినను పోనిది శాశ్వతము. చాకలివారు బట్టలను ఉబ్బవేయుటకు వాడిన చౌడుమన్నులో సోడా యున్నది. అది కాల్షియమును సుద్దగా విరిచి అడుగునకు దింపును. నేడు అంగడిలో దొరకు చాకలి సోడా చేయు పనియు నిదియే. లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యము గల 15 లీటర్ల బకెట్టు నీటికి సుమారు 8 గ్రాముల పొడి సోడా చాలును. తలంటికి కుంకుడుకాయ వాడిన మన పెద్దలు కాఠిన్యముతో పోరాడనే లేదు. కుంకుడు నురుగు సబ్బువలె కాల్షియముతో కలిసి తెట్టు కట్టదు. బట్టలు మాత్రమే సమస్యయైన యింటికి ఒక సోడా డబ్బాయే చవుకైన సాధనము. ఇట్టి యిల్లు యంత్రము కొనక్కరలేదు.

పాశ్చాత్య దేశములలో 1841లో అబర్డీను నగరపు రసాయనాచార్యుడు తామస్ క్లార్కు, లెక్కప్రకారము సున్నము కలిపి నీటిలోని సున్నమును విరిచివేయు విధానమునకు పేటెంటు పొందెను. ముల్లును ముల్లుతోనే తీయవలెనన్న సామెత ఇచ్చట సార్థకమైనది. ఇది ఊరికంతటికి నీరు శుద్ధిచేయు చెరువుల పద్ధతి. ఇంటికి అనువైన మార్గము వేరొక దిక్కునుండి వచ్చినది. 1850 ప్రాంతమున ఇంగ్లండులో థాంప్సను, వే అను ఇరువురు, ఎరువు నీటిని మట్టిగుండా వడగట్టినపుడు మట్టి ఒక పదార్థమును పట్టుకొని మరియొక పదార్థమును విడుచుచున్నదని కనుగొనిరి. ఈ ఇచ్చిపుచ్చుకొనుటయే అయాను మార్పిడి. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో జర్మనీలో రాబర్టు గాన్సు దీనిని నీటిని మృదువు చేయుటకు వినియోగించెను. 1935లో ఇంగ్లండున ఆడమ్సు, హోమ్సు అను శాస్త్రజ్ఞులు కృత్రిమమైన రెజినును ఈ పనికి తయారుచేసిరి. నేటి యంత్రములలోని ఆవగింజలవంటి పసుపుపచ్చని పూసలు ఆ వంశమునకు చెందినవే.

ఈ పూసల పని సులభముగా గ్రహింపవచ్చును. ప్రతి పూస సోడియమును పట్టుకొని యుండును. కఠినజలము పూసల నడుమ దిగునపుడు కాల్షియము పూసకు అంటుకొని, సోడియము నీటిలోనికి వచ్చును. కొన్నాళ్ళకు పూసలన్నియు కాల్షియముతో నిండి పని మానును. అపుడు గాఢమైన ఉప్పునీటితో కడుగగా, ఉప్పులోని సోడియము గుంపుగా వచ్చి కాల్షియమును వెడలగొట్టును. కాల్షియము మురుగులోనికి పోవును. పూస తిరిగి పనికి సిద్ధమగును. రెజిను తరుగదు, తరుగునది ఉప్పు. అందుచే ఏ సాఫ్ట్‌నరు మంచిదను ప్రశ్నకు శాస్త్రీయమైన కొలబద్ద యొకటే: ఒక గ్రాము కాఠిన్యము తీయుటకు అది ఎన్ని గ్రాముల ఉప్పు తినుచున్నది?

ప్రకృతి నియమము ప్రకారము ఒక గ్రాము కాఠిన్యమునకు 1.17 గ్రాముల ఉప్పుకు తక్కువతో ఏ యంత్రమును పనిచేయజాలదు. ఆచరణలో ఇంకను ఎక్కువ పట్టును. సామాన్యమైన యంత్రమున లీటరు రెజినును సుమారు 95 గ్రాముల ఉప్పుతో కడిగినచో అది 45 గ్రాముల కాఠిన్యమును తీయును. 240 గ్రాములతో కడిగినచో 68 గ్రాములు తీయును. ఉప్పు రెండున్నర రెట్లయినది. ఫలము ఒకటిన్నర రెట్లే. మొదటి విధమున గ్రాముకు 2.1 గ్రాముల ఉప్పు, రెండవ విధమున 3.5 గ్రాములు. కొద్ది ఉప్పుతో తరచుగా కడుగుట పొదుపు. ఎక్కువ ఉప్పుతో అరుదుగా కడుగుట దుబారా. అమ్మువారు యంత్రము యొక్క శక్తిని గొప్పగా చెప్పునపుడు, ఆ శక్తి ఎంత ఉప్పుతో వచ్చినదని అడుగవలయును.

ఇపుడు ఒక యింటి లెక్క చూతము. నలుగురున్న ఇంటికి, మనిషికి 135 లీటర్ల చొప్పున దినమునకు 540 లీటర్లు కావలెను. నీటి కాఠిన్యము 500 అనుకొందము. నీరంతయు మృదువు చేసి, ఎక్కువ ఉప్పుతో కడుగు పద్ధతి నవలంబించినచో నెలకు 28 కిలోల ఉప్పు ఖర్చగును. అదే యింటిలో త్రాగునీరు, వంటనీరు, మరుగుదొడ్డి నీరు, మొక్కల నీరు వదలి, స్నానమునకును, బట్టలకును, గీజరుకును కావలసిన 300 లీటర్లు మాత్రమే మృదువు చేసి, తక్కువ ఉప్పుతో కడిగినచో నెలకు తొమ్మిదిన్నర కిలోలు చాలును. నీరొక్కటే, కాఠిన్య మొక్కటే, ఇల్లొక్కటే. ఉప్పు మాత్రము మూడవ వంతు. ఈ భేదము గొట్టములను ఎట్లు వేసితిమను దానిలోను, మీట ఎచ్చట నిలిపితిమను దానిలోను ఉన్నది.

యంత్రములలో మూడు తరగతులు కలవు. మొదటిది చేతి యంత్రము. కుళాయికిగాని, బట్టలు ఉతుకు యంత్రమునకుగాని తగిలించు చిన్న గొట్టమువంటిది. మనమే మూత తీసి ఉప్పు పోసి కడుగవలెను. వెల తక్కువ, విద్యుత్తుతో పనిలేదు, చెడుటకు భాగములు లేవు. కాని నురుగు తగ్గినదని గమనించి, ఆ దినముననే కడుగు ఓపిక కావలెను. ఓపిక లేని యింట అది గోడకు తగిలించిన అలంకారము.

రెండవది గడియారపు యంత్రము. ఇన్ని దినములకొకసారి, రాత్రి ఇన్ని గంటలకని కుదిర్చినచో తనంతట తానే కడుగుకొనును. కాని దానికి కాలము తెలియును గాని వాడుక తెలియదు. సంక్రాంతికి ఇంటిల్లిపాదియు ఊరికి పోయినను అది తన గంటకు ఉప్పు తినును. ఇంటికి బంధువులు వచ్చి నీరు రెట్టింపు వాడినపుడు, గడువు రానందున కఠినజలమునే వదలును. ఒక్కొక్క కడుగుడునకు 100 నుండి 250 లీటర్ల నీరు గూడ మురుగులోనికి పోవునని మరువరాదు.

మూడవది మీటరు యంత్రము. ఇది ఎన్ని లీటర్లు పోయినదో లెక్కించి, పూసలు నిండు సమయమునకే కడుగుకొనును. వీనిలో ఉప్పునీటిని క్రిందినుండి పైకి, అనగా నీటి నడకకు ఎదురుగా పంపునవి మరింత పొదుపు. తక్కువ ఉప్పుతోనే నీరు బయటకు వచ్చు కొసన పూసలు పరిశుభ్రమగును. వెల ఎక్కువయైనను ఉప్పును, నీటిని ఆదా చేయుటచే ఏండ్లు గడచినకొలది లాభము కనబడును. పై లెక్కలోని యింటికి 25 లీటర్ల రెజిను గల యంత్రము సరిపోవును. అది ఏడెనిమిది దినములకొకసారి సుమారు 2.4 కిలోల ఉప్పుతో కడుగుకొనును. అంతకు పెద్దది కొనుట వృథా. మరీ చిన్నది కొనినచో దినము విడిచి దినము కడుగవలసి వచ్చి, నీరు నష్టమగును.

ఉప్పు అవసరము లేదని చెప్పి అమ్ము యంత్రములును కలవు. వీనిలో ఒక రకము, ప్రత్యేకమైన పూసలమీద కాల్షియమును కంటికి కనబడని స్ఫటికములుగా మార్చి, నీటితోనే వెడలిపోవునట్లు చేయును. గీజరులో పెచ్చు కట్టుటను ఇవి తగ్గించునని పరీక్షలలో తేలినది. ఉప్పు లేదు, మురుగు లేదు. కొన్ని యేండ్లకు పూసలు మార్చినచో చాలును. కాని కాల్షియము నీటిలోనే యుండును గావున సబ్బు విరుగుట మానదు. గీజరును కాపాడుకొనగోరువారికి ఇది తగును. బట్టల కొరకు కొనువారికి నిరాశ తప్పదు. గొట్టమునకు చుట్టు అయస్కాంతముల ఫలితము ఒకచోట కనబడినట్లు వేరొకచోట కనబడుట లేదు. వానిని నమ్మి డబ్బు పెట్టుట యుక్తము గాదు. ఇక ఆర్.ఓ. యంత్రము కాఠిన్యమును కూడ తీయును గాని, తీసిన నీటికంటె పారబోయు నీరు ఎక్కువగు సందర్భములు ఇండ్లలో సామాన్యము. అది త్రాగు బిందెకు సరిపోవును గాని, స్నానపు తొట్టికి గాదు.

పోషణ విషయము. ఏ యంత్రమైనను కొనినవాని శ్రద్ధనుబట్టి బ్రతుకును. బోరునీటితో వచ్చు ఇసుక, బురద పూసలలో చేరకుండ ముందొక వడపోత యుండవలెను. ఇనుము గల నీరు పూసలను తుప్పురంగు పొరతో కప్పివేయును. అట్టిచోట ఇనుమును ముందే తీయవలెను. క్లోరిను ఎక్కువగు నల్లా నీరు పూసల ఆయుర్దాయమును తగ్గించును. మంచి నీటిలో రెజిను పదియేండ్ల వరకు మన్నును. ఉప్పు శుభ్రమైనదిగా, రాళ్ళుగా లేక బిళ్ళలుగా నుండవలెను. ఉప్పుమళ్ళనుండి నేరుగా వచ్చిన ముడి ఉప్పు చవుకయే కాని, దానిలోని మట్టి తొట్టి అడుగున బురదగా చేరును. అట్టిది వాడువారు ఏడాదికి రెండు మూడు పర్యాయములు తొట్టిని ఖాళీచేసి కడుగవలెను. వానకాలమున తేమకు ఉప్పు పైన గడ్డకట్టి, క్రింద గుహవలె బోలుగా నిలుచును. తొట్టి నిండుగ కనబడుచుండగనే యంత్రము ఉప్పు లేక పస్తుండును. నెలకొకసారి కర్రతో మెల్లగా పొడిచి చూచినచో ఈ మోసము బయటపడును.

వారమున కొక పరీక్ష చాలును. మూతగల సీసాలో సగము మృదువైన నీరు పోసి, కొంచెము సబ్బునీరు కలిపి కుదుపవలెను. నురుగు నిలిచినచో యంత్రము బాగున్నది. నీరు తెల్లబారి నురుగు చచ్చినచో ఉప్పు తొట్టిని చూడవలెను. స్నానము చేసినపుడు ఒంటికి జిగురు వదలనట్లుండుట యంత్రదోషము గాదు. అది మిక్కిలి మృదువైన నీటి స్వభావము. అట్లు తోచినవారు కొంత కఠినజలము కలియునట్లు మీటను సవరించుకొనవచ్చును. దానివలన ఉప్పు గూడ ఆదా యగును.

మృదువైన నీటిలో సోడియము చేరునను సంగతి వైద్యులు సైతము గుర్తుచేయుదురు. 500 కాఠిన్యము గల నీటిని పూర్తిగా మృదువు చేసినచో లీటరుకు 230 మిల్లీగ్రాముల సోడియము అధికముగా చేరును. రక్తపుపోటు గలవారును, ఉప్పు తగ్గింపవలసినవారును ఈ నీరు త్రాగరాదు. వంటింటి కుళాయికి సాఫ్ట్‌నరు దాటని గొట్టము వేరుగా వేయించుట అందరికిని క్షేమము. ఇల్లు కట్టునపుడు ఇది కొద్దిపాటి ఖర్చు. గోడలు పూర్తియైన పిమ్మట పెద్ద పని.

ఇంతవరకు ఇంటి లోపలి లెక్క చెప్పితిని. ఇంటి బయటి లెక్క యొకటి మిగిలియున్నది. తొట్టిలో పోసిన ఉప్పు మాయము గాదు. పొదుపుగా నడపిన యింటనే ఏడాదికి సుమారు 115 కిలోల ఉప్పు ఖర్చగును. ఏబది కుటుంబములున్న అపార్ట్‌మెంటులో అది దాదాపు ఆరు టన్నులు. మురుగునీటిని శుద్ధిచేయు సామాన్య పద్ధతు లేవియు ఉప్పును తీయజాలవు. మురుగు కాలువ లేని కొత్త కాలనీలలో ఆ ఉప్పునీరు ఇంకుడుగుంటలోనికి పోవును. ఆ గుంటకు కొలది గజముల దూరముననే మన బోరుబావి యున్నది. నేడు సబ్బు నురుగు కొరకు నేలలోనికి వదలిన ఉప్పు, రేపు అదే బోరులో రుచికి తెలియు ఉప్పునీరై తిరిగివచ్చును. కాఠిన్యమునకు మందున్నది, ఉప్పదనమునకు చవుకైన మందు లేదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు సాంటా క్లారిటా లోయవారు ఈ సంగతిని అనుభవముచే తెలిసికొనిరి. ఇండ్లనుండి వచ్చు ఉప్పు నదిలో చేరుచుండుటచే, ఉప్పుతో తమంతట తాము కడుగుకొను సాఫ్ట్‌నర్లను తొలగింపవలెనని 2008లో అచ్చటి పౌరులు ఓటువేసి నిర్ణయించిరి.

మనము అంతవరకు పోనక్కరలేదు. కాని పాఠము గ్రహింపవచ్చును. సాఫ్ట్‌నరు కడిగిన నీటిని ఇంకుడుగుంటకు గాని, మొక్కలకు గాని వదలరాదు. మురుగు కాలువ యున్నచోట దానిలోనికే పంపవలెను. వాననీటిని మాత్రము ఇంకుడుగుంటకు ఎంతయైనను పంపవచ్చును. ఏటికి 800 మిల్లీమీటర్ల వాన పడుచోట, 100 చదరపు మీటర్ల డాబామీద ఐదవ వంతు పోగా 64,000 లీటర్ల మృదుజలము పడును. దానికి ఉప్పు అక్కరలేదు, పూసలు అక్కరలేదు. తొట్టిలో పట్టినంత బట్టలకు వాడుకొని, మిగిలినది నేలలోని కింకించినచో బోరునీటి కాఠిన్యము సైతము పలుచబడుటకు అవకాశము కలుగును.

కావున సాఫ్ట్‌నరు కొనదలచిన గృహస్థుడు మొదట నీటి కాఠిన్యమును కొలిపింపవలెను. పిదప ఏయే కుళాయిలకు మృదుజలము అవసరమో నిర్ణయించి, అంతటికి మాత్రమే యంత్రమును ఎన్నుకొనవలెను. అమ్మువానిని వెల అడుగుటతోబాటు, గ్రాము కాఠిన్యమునకు ఎన్ని గ్రాముల ఉప్పు పట్టునని అడుగవలెను. రెండు గ్రాముల దరిదాపున జవాబు వచ్చినచో ఆ యంత్రము యోగ్యమైనది. మూడు దాటినచో, దాని మెరుగు చూచి మోసపోరాదు. ఉప్పు తక్కువ తిను యంత్రము సంచికిని మంచిది, బోరుబావికిని మంచిది.